సగమే తెరుచుకున్న దొడ్డమ్మ ఇల్లు

ఇంటర్నెట్టు అంటే ఒక ఇరుకు గది అనీ, దానికొక అద్దాల తలుపుంటుందనీ, బయట చెప్పులు విడిచి లోపలికి పోవాలనీ మేమంతా మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుండేది. (చెప్పుల దుమ్ముతోనే కంప్యూటర్లకు వైరస్ వస్తుందని మా ఓనరు నమ్మకం. నాదీ అంతే.) హిందూపురంలో బస్టాండు వెనక వీధిలో అలాంటి గదిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పొద్దున్నే పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి, సాయంత్రం మళ్లీ ప్యాసింజరులో ఇల్లు చేరేదాన్ని. మా ఓనరును ఊరంతా కనెక్షన్ అన్న అనేవాళ్లు. ఎవరు ఏ పని మీద వచ్చినా "కూర్చోండప్పా, కనెక్షన్ వస్తాండాది" అనేవాడు. అది వచ్చేలోగా జనం కూర్చుని కూర్చుని విసుగెత్తి, పెళ్లి కార్డు మ్యాటరో, అంగడి ప్రారంభోత్సవం కరపత్రమో నాతో రాయించుకుని పోయేవాళ్లు. అలా నాకు 'రాసే పాప' అని పేరొచ్చింది. ఆ వీధిలో నేను రాయకుండా ఏ శుభకార్యమూ జరగదని, నా వాక్యం పడకుండా ఏ పెద్దమనిషీ ఫ్లెక్సీలోకి ఎక్కడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మా నాయన పెనుకొండలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్నవాళ్లు ఆయన్ను తలుచుకోరు గానీ, నేను రాసిన కార్డు చదివినవాళ్లు నన్ను మెచ్చుకుంటారు కదా అని ఇంట్లో గొప్పలు పోయేదాన్ని. మా అవ్వ మాత్రం "పెండ్లి వాళ్లది, సావు వాళ్లది, నడాన నీకేమే అంత ఉషారు?" అనేది.

అలాంటి రోజుల్లో, వేసవి సెలవులు సగం గడిచాక, ఒక మధ్యాహ్నం తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె తలుపు బయట చెప్పులు విడిచి, వాటిని పక్కపక్కన సరిగ్గా సర్ది (మిగతావాళ్ల చెప్పులు కూడా సర్ది) లోపలికొచ్చింది. "వందనాలు పాపా. వెబ్‌సైటు అంటారే, అది నాకొకటి కావల్ల. రాసేది నువ్వేనంట కదా" అంది, అరకిలో చింతపండు అడిగినంత తేలిగ్గా. ఆమె పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. రైలు గేటు దగ్గర ఇల్లు. ఎప్పుడో మిషను స్కూల్లో చిన్న పిల్లల క్లాసుకు టీచరుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు కలగలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, పనికి పోయే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునేది. పొద్దున ప్రార్థన, తర్వాత పాటలు, మధ్యాహ్నం పప్పన్నం, తినే ముందు కళ్లు మూసుకుని ఇంకో ప్రార్థన (పిల్లలందరూ ఒక కన్నే మూసేవాళ్లు, రెండోది గిన్నె మీద ఉండేది), ఆపైన చాప మీద నిద్ర. కిరస్తానీ పిల్లలూ, హిందువుల పిల్లలూ, మా తురకల పిల్లలూ అందరూ ఆమెను పెద్దమ్మ అన్నట్టు దొడ్డమ్మ అనే పిలిచేవాళ్లు. పిల్లలు పిలిచారు కదా అని తల్లులూ, తల్లులు పిలిచారు కదా అని ఊరూ అదే పేరు ఖాయం చేసింది.

కూర్చోబెట్టి నీళ్లిచ్చాక అసలు కష్టం చెప్పింది. ఊళ్లో కొత్తగా కాన్వెంట్లు లేచాయి. మాటలు సరిగ్గా రాని పిల్లలకు కూడా మెడలో టై కట్టి, కాళ్లకు బూట్లు తొడిగి తీసుకుపోతున్నారు. దొడ్డమ్మ ఇంట్లో పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోయి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. బడులు తెరిచేనాటికి ఇల్లు నిండకపోతే తాళం వేసి ధర్మవరంలో చెల్లెలింటికి పోవాల్సిందే. చెల్లెలు ముందే వచ్చి సామాన్లు ఏమేం కట్టాలో చూసి వెళ్లిందట. "దానింట్లో మగ్గాల సప్పుడు ఒకటి, దాని నోరు ఒకటి. రెండూ ఆగవు పాపా. అదైనా ఓర్సుకుంటా. పిల్లోళ్ల గలాటా లేని ఇంట్లో నేను బతకలేను" అంటూ కొంగుతో కళ్లు కాదు, మా కీబోర్డు మీద దుమ్ము తుడిచింది. ఉన్న ఒక్క ఆశ ఊరి బయట కొత్తగా పెట్టిన గార్మెంట్ ఫ్యాక్టరీ. అక్కడ కుట్టుపనికి వచ్చే తల్లులు చాలామంది. వాళ్లు పిల్లల్ని ఎక్కడ వదలాలో చెప్పేది ఆఫీసు మేడం. ఆ మేడం ధర్మవరం ఆడపిల్లే, బెంగళూరులో మెట్టి, ఈ మధ్యే ఉద్యోగం మీద ఇటు వచ్చింది. దొడ్డమ్మ పోయి అడిగితే, తల కూడా ఎత్తకుండా "వెబ్‌సైటు ఉందా?" అందట. లేదంటే పరువు తక్కువని దొడ్డమ్మ "వారంలో వస్తాది మేడం" అని చెప్పి నేరుగా మా దగ్గరికొచ్చింది.

కనెక్షన్ అన్నకు ఆనందం పట్టలేదు. మా గదికి అది మొదటి వెబ్‌సైటు. బయట బోర్డు మీద 'వెబ్ డిజైనింగ్' అని ఆయన ఎప్పుడో రాయించాడు, చేయడం ఎలాగో మాత్రం నేను పుస్తకం చూసి నేర్చుకుంటూ ఉన్నాను. ఇక మ్యాటరు సంగతి. స్వాగతం పలుకుతూ రాయడమంటే నాకు మంచినీళ్ల ప్రాయం కదా అని అప్పటికప్పుడు రాసేశాను. 'సర్వేశ్వరుని కరుణా కటాక్షములతో మా గృహమునందు జరుగు చిన్నారుల ఆలనా పాలనా శుభకార్యమునకు తామెల్లరు బంధుమిత్ర సపరివారముగా విచ్చేసి, బాలబాలికలను ఆశీర్వదించి, మా ఆతిథ్యము స్వీకరించి మమ్ము ఆనందింపజేయ ప్రార్థన.' దొడ్డమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "బాగుండాది పాపా. అయితే మనం పిల్లోళ్లని ఇడిసిపెట్టి పొమ్మంటాండామా, ఇంటిల్లిపాదినీ అన్నానికి రమ్మంటాండామా?" అంది. నాకు రోషం వచ్చింది. అది చూసి ఆమె నా గడ్డం పట్టుకుని, "ఆదివారం మా చర్చికి రా. మావోళ్లు నలుగుర్లో నిలబడి యెట్ల మాట్లాడతారో విను, అప్పుడు రాయి" అంది. ఇంట్లో అడిగితే నాయన నసిగాడు గానీ అవ్వే తేల్చేసింది: "దేవుని మాట యాడ విన్నా మంచిదే లేరా. పిల్ల పోతే ఏమి? ఏమన్నా పెడితే నాకూ రోంత తీసుకరామ్మే."

చర్చిలో నేను దొడ్డమ్మ పక్కన, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. పాటలయ్యాక పాస్టరయ్య "ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లు, దేవుడు మిమ్మల్ని ఎలా మార్చాడో చెప్పేవాళ్లు లేవండి" అన్నాడు. ఒక ఆటో డ్రైవరన్న లేచి, "నేను ఒకప్పుడు ఘోరమైన పాపిని. తాగుబోతును. ఈ హిందూపురంలో నేను పడని మురుగు మోరీ లేదు. నన్ను చూసి కుక్కలు కూడా పక్కకు పోయేవి" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు జలదరించింది. నా ఇంకో పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం తాపీగా నా చెవిలో, "యాడ తాగినాడు మా ఆయప్ప! ఎవరిదో పెండ్లిలో ఒకపారి తాగి కక్కినాడు, అంతే" అంది. ఆయన కూర్చోగానే రిటైరైన కండక్టరు ఒకాయన లేచి తన జూదం గురించి చెప్పాడు. ఆటో అన్న కంటే వెనకబడితే బాగుండదని కాబోలు, తన పాపాల్లో ఒక రైలు దోపిడీ కూడా ఉన్నట్టే ఒక చోట ధ్వనించింది. ఎవరూ అడ్డం రాలేదు, "నిజమా?" అని అడగలేదు. అందరూ "స్తోత్రం, స్తోత్రం" అంటూ తలలూపారు. బయటికొచ్చాక దొడ్డమ్మ నవ్వి, "సాక్ష్యం చెప్తాంటే నడాన మాట్లాడకూడదు పాపా. గుంత ఎంత లోతుంటే పైకి లాగిన చెయ్యి అంత గొప్పది కదా, అందుకే రోంత లోతుగా తవ్వుకుంటారు" అంది. నాకు కిటుకు దొరికిపోయింది. ఇంతకాలం పెళ్లి కార్డుల్లో మొదటి అక్షరం నుంచే శుభం, శుభం అని రాసి ఎంత పొరపాటు చేశాను!

మర్నాడు సాయంత్రం తల్లులు పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చే వేళకు దొడ్డమ్మ ఇంటి వసారాలో పెన్నూ కాగితంతో కూర్చున్నాను. "అక్కా, మీ పిల్లలు ఈడికి రాకముందు యెట్లుండిరి, వచ్చినాక యెట్లయినారు, సాక్ష్యం చెప్పినట్ల చెప్పండి" అన్నాను. పూలమ్మే అక్క ముందుకొచ్చింది. "మావోడు ఈడికి రాకముందు మనిషే కాదు పాపా. బస్సులో టికెట్టు కొట్టే ఆయప్ప చెయ్యి కొరికినాడు. ఆయప్ప విజిలు కింద పడేసి ఏడ్సినాడు" అంది. (ఆ సమయానికి ఆ భయంకరుడు గడప దగ్గర కూర్చుని ఒక చీమకు బొరుగు తినిపించే ప్రయత్నంలో ఉన్నాడు.) పక్కనే ఉన్న టైలరక్క ఊరుకుంటుందా? "కొరికేదీ ఒక లెక్కా? మా పాప ఏడుపెత్తుకుంటే గేటు కాడ నిలబడిన లారీ వాళ్లు కూడా ఎవరినో చంపుతాండారని కట్టెలు తీసుకుని వచ్చేవాళ్లు" అంది. గాజులంగడి అక్క అంతదాకా మౌనంగా ఉండి, ముసుగు సవరించుకుని, "మావోడు పక్కింటి తాత కట్టుడు పండ్లు ఎత్తకపోయి కోడిపెట్ట నోటికి పెట్టి చూసినాడు. కోడి బతికింది. తాతకే జరమొచ్చింది" అంది. దాంతో మిగతావాళ్లు ఓటమి ఒప్పుకున్నారు. దొడ్డమ్మ ఒక మూల నిలబడి నోరు తెరిచి మూసి, తెరిచి మూసి ఊరుకుంది. సాక్ష్యానికి అడ్డం రాకూడదు కదా. నేను మాత్రం లోపల్లోపల నవ్వుకుంటూ, ఎంత కోతలు కోస్తారమ్మా వీళ్లు అనుకుంటూ, ఒక్క మాట వదలకుండా రాసుకున్నాను.

ఇప్పుడు నా ప్రతిభ చూడండి. ఒక్కొక్కరి గుంత, వెంటనే వాళ్ల ఉద్ధరణ అని విడివిడిగా రాస్తే ఏం పట్టు ఉంటుంది? అందుకని చీకటంతా పైన పెట్టి, వెలుగంతా కింద పెట్టాను. అన్నిటికన్నా పైన 'వందనాలు. దొడ్డమ్మ ఇంటికి స్వాగతం. ఇక్కడికి వచ్చే పిల్లలు ఎలాంటివారో వినండి' అని పెద్ద అక్షరాలు. ఆ కింద కొరుకుళ్లు, కేకలు, కట్టుడు పళ్లు, ఇంకా నా సొంత సరుకు కొంచెం. పేజీ సగం దాటాక 'కానీ, ఈ గడప తొక్కిన తర్వాత...' అని మలుపు తిప్పి, ప్రార్థన, పాట, పప్పన్నం, నిద్ర, దొడ్డమ్మ ఒడి, అన్నీ వరసగా పోశాను. అప్పట్లో తెలుగు అక్షరాలు వేరేవాళ్ల కంప్యూటర్లో గజిబిజిగా కనిపించేవి. అందుకని పేజీ మొత్తాన్నీ ఒకే పెద్ద బొమ్మగా చేసి, ఉచితంగా చోటిచ్చే ఏదో కంపెనీ దాంట్లో ఎక్కించాను. మా గదిలో నొక్కగానే టక్కున తెరుచుకుంది. (తెరుచుకోదా మరి! బొమ్మ మా కంప్యూటర్లోనే ఉంది. ఆ ముక్క అప్పుడు నాకు తట్టలేదు.) దొడ్డమ్మ మానిటరు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఈ పేజీ చూసే ప్రతి తల్లినీ దీవించమని ప్రార్థన చేసింది. ఆయుధ పూజ రోజు తప్ప కంప్యూటరు ముందు కళ్లు మూసుకోని కనెక్షన్ అన్న కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆమెన్ అంది, నేను మా ఇంటి అలవాటుగా ఆమీన్ అన్నాను, ఆయన రెండూ కాకుండా "జై" అన్నాడు.

పేజీ అడ్రసు చీటీ మీద రాసి పంపి వారం గడిచినా ఫ్యాక్టరీ నుంచి కబురు లేదు. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ధర్మవరం నుంచి చెల్లెలు ఫోను చేసి, మంచం తెచ్చుకోవద్దు, ఇక్కడుంది అని చెప్పిందట. ఇక ఆగలేక నేనూ దొడ్డమ్మా ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి పోయాం. మేడం లోపల మీటింగులో ఉంది. బయటి గదిలో గుమాస్తా ఒకాయన మమ్మల్ని చూసీ చూడగానే, "దొడ్డమ్మ ఇల్లంటే మీదేనా?" అని నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన టేబుల్ మీద మా పేజీ ప్రింటు తీసి ఉంది. వాళ్లది ఫోను లైను మీద నడిచే నెట్టు. బొమ్మ పైనుంచి కిందికి వీపు గోకినట్టు ఒక్కో గీతే దిగుతూ వస్తుందట, ఇంతలో ఎవరో ఫోనెత్తగానే కనెక్షన్ పోతుందట. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే కథ. వచ్చినకాడికి ప్రింటు తీశారు. తీసుకుని చూద్దును కదా, పైన స్వాగతం ఉంది, కొరుకుళ్లు ఉన్నాయి, కేకలు ఉన్నాయి, చివరగా 'పక్కింటి తాతగారి కట్టుడు పళ్లను తీసుకుపోయి కోడిపెట్ట నోటికి' అన్నంతవరకు వచ్చి, ఆ కింద అంతా తెల్లగా ఉంది. ఉద్ధరణ ఒక్క ముక్క కూడా దిగలేదు. "మేడం చదివినారా అప్పా?" అని దొడ్డమ్మ మెల్లగా అడిగింది. "చదివినారు. రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా లోపలికి పాయిరి" అన్నాడాయన.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దొడ్డమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేనే ఏడుపు గొంతుతో, "మల్లా చేస్తా దొడ్డమ్మా, వెలుగును పైకి తెచ్చి పెడతా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం చేస్తావులే పాపా" అని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నా గొప్ప రాతతో ఒక ముసలామె ఇంటికి తాళం వేయించానన్న బెంగతో ఆ రాత్రి అన్నం సహించలేదు. అవ్వ అడిగితే జ్వరమని చెప్పాను.

కానీ ఆ గుమాస్తా నోరు ఊరుకునే రకం కాదు. ఆ సగం పేజీకి నకళ్లు తీసి టీ అంగడిలో, బస్సులో, బంధువుల ఇళ్లలో నవ్వుకోవడానికి పంచాడు. రెండు మూడు రోజుల్లోనే చిలమత్తూరు నుంచి ఒక అవ్వ మనవణ్ణి తీసుకుని దొడ్డమ్మ గడప ముందు దిగింది. తన చీర కొంగును వాడి మొలతాడుకు ముడేసి తెచ్చింది. "ఈడ ఇట్లాంటోళ్లనే చేర్చుకుంటారంట కదమ్మా?" అని దొడ్డమ్మ జవాబు చెప్పేలోగానే ముడి విప్పేసింది. వాడు విడిచిన బాణంలా వంటింట్లోకి పోయాడు. తర్వాత మా పెనుకొండ ఆయనే ఒకాయన, కొడుకును గేటు లోపల పెట్టి, బయట గొళ్లెం వేసి, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడు. తర్వాత ఒక అమ్మాయి, చూడ్డానికి లక్ష్మీదేవిలా ఉంటుంది, వచ్చిన గంటలో నీళ్ల డ్రమ్ములో దొడ్డమ్మ చెప్పులు, నా చెప్పులు, గోడ గడియారం వేసింది. పూలమ్మే అక్క వచ్చి ఈ సైన్యాన్ని చూసి గుండెలు బాదుకుంది. "ఇదేం దొడ్డమ్మా, వీళ్లతో చేరితే మావోడు చెడిపోడా!" అంటే దొడ్డమ్మ శాంతంగా, "నువ్వే కదమ్మా చెప్పినావు, మీవాడు కండక్టరును కొరికినాడని. వీళ్లకు వాడే పెద్దన్న" అంది. నాకు మాత్రం కబురొచ్చింది: "నువ్వు పిలిచినోళ్లే కదా పాపా, పొద్దున పూట వచ్చి రోంత కూర్చో." అలా నేను ప్యాసింజరు దిగగానే ముందు దొడ్డమ్మ ఇంటికి, తర్వాత నెట్టు గదికి పోసాగాను. మోచేతి మీద పంటిగాట్లతో టైపు కొట్టేదాన్ని. కనెక్షన్ అన్న చూసి, "వైరసా?" అని అడిగేవాడు.

ఈ మందను దొడ్డమ్మ కొట్టలేదు, తిట్టలేదు, బూట్లు తొడగలేదు. పొద్దున ప్రార్థన కాగానే చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అనేది. మొదటి రోజు ఎవరూ లేవలేదు. రెండో రోజు చిలమత్తూరు వాడు లేచి, "నేను నిన్న మా యవ్వను కొరికినా" అన్నాడు. దొడ్డమ్మ ముఖంలో ఏ మార్పూ లేకుండా "స్తోత్రం" అంది. వాడు చుట్టూ చూశాడు. దెబ్బ పడలేదు, కేక పడలేదు. అంతే, గడియారం పిల్ల లేచి, "నేను డ్రమ్ములో ఏసినా, మల్లా నేనే తీసినా" అంది. పెనుకొండ వాడు లేచి పెద్దల సభలో లాగా చేతులు కట్టుకుని, "నేను ఏమీ చేయలా. రేపు చేస్తా" అన్నాడు. అందరూ కలిసి "స్తోత్రం!" అని ఇంటి పైకప్పు ఎగిరేలా అరిచేవాళ్లు. అల్లరి తగ్గిందా అంటే, మొదట్లో సాక్ష్యం కోసమే కాస్త పెరిగింది కూడా. అయితే ఒకటి, చేసింది దాచడం పోయింది. దాచనక్కర్లేని చోట ఎక్కువ రోజులు చేయబుద్ధి కాదేమో, మెల్లగా కొరుకుళ్లు తగ్గాయి. ఇల్లు నిండుతోంది గానీ, గండం గడవలేదు. అంత అల్లరి పిల్లల్ని ఎవరూ ఎక్కువకాలం ఒకచోట ఉంచరు, ఫ్యాక్టరీ వాళ్లు ఊ అంటే తప్ప ఇల్లు నిలవదని దొడ్డమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. చెల్లెలు ఆదివారం వ్యాను మాట్లాడుకుని వస్తానంది.

ఆ వారంలోనే ఒక పొద్దున, సాక్ష్యాల వేళకు, ఇంటి ముందు ఫ్యాక్టరీ జీపు ఆగింది. మేడం దిగింది. అప్పుడే గడియారం పిల్ల డ్రమ్ము వైపు నడుస్తోంది, పెనుకొండ వాడు కిటికీ ఊచలకు వేలాడుతున్నాడు. మేడం చేతిలో ఆ సగం పేజీ ఉంది, మడతలు పడి, నలిగి. "దీని గురించే వచ్చినా" అంది. నేను ఎగిరి ముందుకు దూకి, "మేడం, కింద ఇంకా ఉండాది, కింద అంతా మంచిదే ఉండాది, ఫోను ఎత్తకుండా ఉంటే..." అంటున్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. వెనక్కి తిరిగి జీపులోంచి ఒక చిన్నపిల్లను చెయ్యి పట్టుకుని దించింది. రెండు జడలు, ఉతికి ఇస్త్రీ చేసిన గౌను, ముఖం తల్లి చీర కుచ్చిళ్లలో దాచుకుంది. మేడం గొంతులో ఆఫీసు బిగువు లేదు. ధర్మవరం మాట బయటికొచ్చేసింది. "మా పాప కొరుకుతాదమ్మా. బెంగళూరులో యాడ చేర్చినా నాల్రోజులకే పిలిచి తీసుకపొమ్మంటాండ్రి. ఎవరికీ చెప్పుకోలా. నా బిడ్డ ఒక్కతే ఇట్లుందేమో, నా పెంపకమే ఇంతేమో అని కుములుతాంటి. ఇది చదివినాక..." అని ఆ కాగితం వైపు చూసి ఆగిపోయింది. "ఇట్లాంటి పిల్లోళ్లున్నారని బయటికి చెప్పుకునే ఇల్లు కూడా ఒకటుందే అనుకున్నా. రోజూ రావల్లనుకుంటా, ఈడ కూడా వద్దంటారేమోనని భయపడి ఆగిపోతాంటి."

దొడ్డమ్మ పాప చెయ్యి అందుకుని తీసుకొచ్చి గుండ్రంలో కూర్చోబెట్టి, ఏమీ జరగనట్టు, "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అంది. వాళ్లూ వీళ్లూ తమ తమ ఘనకార్యాలు చెప్పారు, స్తోత్రాలు అయ్యాయి. ఆ పాప ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఉంది. చివరికి లేచి నిలబడి, గౌను అంచు నోట్లో పెట్టుకుని, వినీ వినపడనట్టు, "నేను కొరుకుతా" అంది. పిల్లలంతా ఒక్క గొంతుతో "స్తోత్రం!" అని అరిచారు. చిలమత్తూరు వాడు పక్కకు జరిగి, చాప మీద చోటు చూపించి, "ఈడ కూర్చో. నేను గూడా కొరుకుతా" అన్నాడు. మేడం వాకిట్లోనే గోడకానుకుని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చూడనట్టు డ్రమ్ములోంచి చెప్పులు తీస్తూ కూర్చున్నాను. నాకూ కళ్లు మసకబారాయి, దాచి ఏం లాభం.

ఆ మర్నాటి నుంచే ఫ్యాక్టరీ తల్లులు పిల్లల్ని చంకనేసుకుని రైలు గేటు వైపు రావడం మొదలైంది. ఆదివారం చెల్లెలు తెచ్చిన వ్యాను ఖాళీగా ధర్మవరం తిరిగిపోయింది (వెళ్తూ వెళ్తూ డ్రైవరు, మా వీధిలో ఒకడున్నాడమ్మా, తీసుకురమ్మంటారా అని అడిగి మరీ పోయాడు). నాకు మాత్రం పని సగంలో వదిలిన వెలితి పోలేదు. ఒక సాయంత్రం దొడ్డమ్మతో, "పేజీ ఇప్పటికీ సగమే తెరుచుకుంటాండాది. దాన్ని ముక్కలు చేసి, కింద సగం కూడా కనపడేట్ల చేస్తా" అన్నాను. ఆమె బొరుగుల్లో పప్పులు కలుపుతూ, తలెత్తకుండా, "వద్దులే పాపా. కింద సగం ఈడికొచ్చి చూసుకుంటార్లే" అంది.

ఆ తర్వాత నేను చాలా వెబ్‌సైట్లకు రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను. ఇప్పుడన్నీ రెప్పపాటులో తెరుచుకుంటాయి, పైనుంచి కింది దాకా అంతా వెలుగే, అందులోని పిల్లలందరూ పళ్లు కనపడేలా నవ్వుతూ ఉంటారు. మొన్నామధ్య మా వాడి స్కూలు నుంచి ఫోనొచ్చింది. పోతే, ఏసీ గదిలో ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చోబెట్టి, మా వాడు తోటి పిల్లవాడి చెవి కొరికిన వైనం మెల్లగా, మర్యాదగా చెప్పారు. నేను తల వంచుకుని విన్నాను. బయటికొచ్చి కారిడారులో నిలబడ్డాక నాకు ఆ వసారా గుర్తొచ్చింది. పెన్నూ కాగితం పట్టుకుని, ముగ్గురు తల్లుల మాటలు రాసుకుంటూ, ఎంత కోతలు కోస్తారమ్మా వీళ్లు అని ముసిముసిగా నవ్వుకున్న ఆనాటి రాసే పాప కళ్ల ముందు నిలబడింది. పిచ్చిపిల్ల. వాళ్లు పాపం ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు.